సాల్ట్ కే దీవి అంత ఖాళీగా ఎందుకుంది?

కరీబియన్ అనగానే మనవాళ్లకు ముందు వెస్టిండీస్ క్రికెట్ టీమ్ గుర్తొస్తుంది, ఆ తర్వాత అమెరికాలో ఉండే చుట్టాలు వాట్సాప్‌లో పెట్టే క్రూజ్ ఫొటోలు. ఆ ఫొటోల్లో సాల్ట్ కే ఉండదు, ఎందుకంటే ఆ పెద్ద ఓడలు అక్కడ ఆగవు. బహామాస్‌కు ఆగ్నేయంగా, టర్క్స్ అండ్ కైకోస్ అనే బ్రిటిష్ పాలిత దీవుల గుంపులో, ఆరేడు చదరపు కిలోమీటర్ల ఇసుకా సున్నపురాయీ కలిసిన నేల అది. ఉండే జనం వందకు కాస్త అటూ ఇటూ. కార్లు చాలా తక్కువ, ఎక్కువమంది గోల్ఫ్ కార్టుల్లో తిరుగుతారు. దారికి అడ్డంగా గాడిద నిలబడితే అది జరగదు, మనమే చుట్టు తిరిగి వెళ్లాలి.

మా తమ్ముడు ఫ్లోరిడాలో ఉంటాడు, వాడితో కలిసి అక్కడికి వెళ్లొచ్చాను. ఫొటోలు చూపిస్తే పెరంబూరులో మా చుట్టాలందరూ అడిగింది ఒకటే. ఆదివారం సాయంత్రం మెరీనాలో కూర్చోడానికి చోటు వెతుక్కునేవాళ్లు కదా, అడక్క ఏం చేస్తారు. "ఒరేయ్, ఇంత మంచి బీచ్ పెట్టుకుని మనుషులే లేరేంట్రా?" అన్నాడు మా బాబాయి. పిన్ని దగ్గర జవాబు రెడీగా ఉంది: "ఇంకా ఎవరికీ తెలిసుండదులెండి."

పిన్ని మాటలో తర్కం ఉంది గానీ జరిగిన కథ వేరు. ఆ దీవుల సంగతి తెలియాల్సినవాళ్లందరికీ మూడొందల ఏళ్ల కిందటే తెలుసు. స్పెయిన్, ఫ్రాన్స్, బ్రిటన్ వాటి కోసం కొట్టుకున్నాయి. 1783లో ఫ్రెంచివాళ్లు పక్కనున్న గ్రాండ్ టర్క్‌ను ఆక్రమిస్తే, దాన్ని విడిపించడానికి వచ్చి, కుదరక వెనుదిరిగిన కుర్ర కెప్టెన్ పేరు హొరేషియో నెల్సన్. అవును, తర్వాత ట్రఫాల్గర్ యుద్ధంతో లండన్‌లో స్తంభం మీదికెక్కిన నెల్సనే. అక్కడ బంగారం లేదు, చెరకు పండదు, తాగడానికి వాన నీళ్లు తప్ప దిక్కు లేదు. అయినా అంత పోరు నడిచిందంటే దానికి కారణం ఉప్పు.

అందుకని బాబాయి ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి. రాజ్యాలు కొట్టుకున్న చోట ఇప్పుడు వంద మందే ఎందుకు మిగిలారు? ఆ ఖాళీ దానంతట అది వచ్చింది కాదని నా అభిప్రాయం. ఉప్పు కోసం తీసుకున్న నిర్ణయాలే, ఉప్పు పోయాక ఆ దీవిని ఇంకెందుకూ పనికిరాకుండా చేశాయి. అదెలాగో చెప్పాలంటే ముందు ఉప్పు సంగతి చూడాలి.

సముద్రం ఎక్కడైనా ఉప్పగానే ఉంటుంది. లీటరు నీళ్లలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, అందులో మనం కూరలో వేసుకునే ఉప్పు మూడొంతులకు పైనే. కానీ దాన్ని బయటికి తీయాలంటే ఎండ ఒక్కటే చాలదు. గాలి కావాలి, వాన పడకూడదు, లోతులేని చదును మడుగు ఉండాలి, అది సముద్రాన్ని ఆనుకుని ఉండాలి. చెన్నైలో ఏడాదికి సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ ఎక్కువభాగం అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే కుమ్మరిస్తుంది. టర్క్స్ దీవుల్లో అందులో సగానికి అటూ ఇటూ. తూర్పు నుంచి వ్యాపార పవనాలు ఏడాది పొడుగునా వీస్తూనే ఉంటాయి. పైగా సాల్ట్ కే మధ్యలో సహజంగానే పల్లం ఉంది, అందులో నీళ్లు చేరి ఎండితే ఉప్పు దానంతటదే తేలేది. ముప్పావు పని ప్రకృతే చేసిపెట్టింది.

మిగతా పావు పని ఎలా ఉంటుందో చూడటానికి కరీబియన్ దాకా పోనక్కర్లేదు. చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ రోడ్డు మీద పాండిచ్చేరి వెళ్లేటప్పుడు మరక్కాణం దగ్గర ఉప్పుమళ్లు వస్తాయి. అందరూ కారు ఆపి, తెల్లటి కుప్పల ముందు ఒక సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. వీలైతే కాసేపు గట్టు మీద నిలబడండి. ముందు పెద్ద మడుల్లో నీళ్లు పెట్టి ఎండబెడతారు, కాస్త చిక్కబడ్డాక పక్క మడిలోకి వదులుతారు, అక్కడినుంచి ఇంకో మడిలోకి. ఈ ప్రయాణంలో ముందు సున్నం, తర్వాత జిప్సం అడుక్కి దిగిపోతాయి. నీళ్లు పదో వంతుకు తగ్గేసరికి అసలు ఉప్పు పట్టడం మొదలవుతుంది. నేను చూసినప్పుడు అక్కడ పనిచేసే ఒక పెద్దాయన సన్నటి గాజు గొట్టాన్ని నీళ్లలో తేలేసి, వంగి దాని మీద అంకె చూశాడు. "ఇరవై మూడే. ఇంకా ఆగాలి సార్" అన్నాడు తమిళంలో. వాళ్లు డిగ్రీలు అంటారు గానీ అది వేడి లెక్క కాదు, నీళ్ల చిక్కదనం లెక్క. పక్క మడి అప్పటికే ఇరవై అయిదు దాటినట్టుంది, నీళ్ల మీద మీగడ కట్టినట్టు పల్చటి తెల్లటి పొర తేలుతూ గాలికి ఒక మూలకు కొట్టుకుపోతోంది. వేలు పెడితే పెళుసుగా విరిగి మునిగిపోయింది. అలా మునిగిన ముక్కల చుట్టూనే అడుగున గింజలు పెరుగుతాయి.

ఆ గింజల్ని పొడుగు కర్రకు అడ్డంగా పలక బిగించిన పనిముట్టుతో గట్టు మీదికి లాగుతారు. కింద బురద కదలకూడదు, కదిలితే ఉప్పు మసకబారుతుంది, ధర పడిపోతుంది. ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి. చివర్లో మిగిలే నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి, వాటినీ ఎండనిస్తే ఉప్పు చేదెక్కుతుంది, తేమ పీల్చి కారిపోతుంది. అందుకని ఆ నీళ్లను బయటికి వదిలేస్తారు. ఉప్పంటే ఎండలో నీళ్లు పెట్టి పడుకుంటే వచ్చేదని అనుకునేవాళ్లు ఆ ఎండలో, ఆ తెలుపు కళ్లలో కొడుతుండగా, అరగంట నిలబడి చూడాలి.

సాల్ట్ కేలో చేసిందీ ఇదే పద్ధతి. సముద్రం ఒడ్డున తూము పెట్టి నీళ్లు లోపలికి వదిలేవాళ్లు. చిన్న గాలిమరలు ఆ నీళ్లను ఒక మడి నుంచి ఇంకో మడికి తోడేవి. మడుల మధ్య మోకాలెత్తు రాతి గోడలు. ఆ గోడలూ, గాలిమరల మిగిలిన కర్రలూ ఇప్పటికీ దీవి నడిబొడ్డున నిలబడే ఉన్నాయి. మన మరక్కాణానికీ దానికీ పెద్ద తేడా ఏంటంటే, అక్కడ ఊరంటే ఉప్పుమళ్లే. ఇళ్లు, చర్చి, దారి, అన్నీ మడుల అంచున వరసగా కట్టారు. బీచ్ చూడటానికి వెళ్లిన మనిషి దీవి మధ్యలో ఇంత పెద్ద ఖాళీ నీటి మడులు చూసి ఇదేంటని ఆగుతాడు. అసలు ఆ దీవిని చూడాల్సింది అక్కడే.

ఇదంతా మొదలుపెట్టింది బెర్ముడావాళ్లు. ఇక్కడ చాలామంది తికమకపడతారు, ఎందుకంటే బెర్ముడా పక్కనేం లేదు, ఉత్తరాన వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. కానీ బెర్ముడాలో సాగుకు నేల తక్కువ, ఓడలు కట్టడానికి పనికొచ్చే దేవదారు జాతి చెట్లు ఎక్కువ. 17వ శతాబ్దం చివరి భాగంలో వాళ్లు వేగంగా పోయే చిన్న ఓడలు కట్టుకుని, వానల్లేని నెలల్లో ఇక్కడికొచ్చి ఉప్పు తీసుకుని, బోస్టన్, న్యూయార్క్, న్యూఫౌండ్‌లాండ్ తీరాల్లో అమ్మి, పిండీ కలపా కొనుక్కుని ఇంటికెళ్లేవాళ్లు. అంటే మొదట్లో ఈ దీవి ఎవరికీ ఊరు కాదు, పనిచోటు. ఆ తర్వాత ఇళ్లు కట్టుకున్నా, ఆ ఆలోచన పోలేదు.

దానికి మంచి సాక్ష్యం చెట్లు. వాన మబ్బుల్ని చెట్లు పిలుస్తాయని అప్పట్లో నమ్మకం, గాలికి కూడా అడ్డమే కదా, అందుకని దీవి మీదున్న చెట్లను నరికేశారు. ఇప్పుడు మీరు చూసే పొట్టి పొదలు, నాగజెముడు, ఆ బోడి మట్టం, ఇవన్నీ ఉప్పు దొరలు చేసుకున్న ఏర్పాటు. "ప్రకృతి సహజమైన దీవి" అని టూర్ ప్యాకేజీల్లో రాసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సహజంగా వదిలేసిన జానెడు నేల అక్కడ వెతుక్కోవాలి.

చెట్లు నరికించిందీ, గోడలు కట్టించిందీ, ఉప్పు లాగించిందీ ఎవరితో అంటే బానిసలతో. ఈ మాట చెప్పకుండా ఆ దీవి గురించి రాయడం తప్పని నా ఉద్దేశం. గ్రాండ్ టర్క్ ఉప్పుమళ్లలో ఏళ్ల తరబడి పనిచేసిన మేరీ ప్రిన్స్ అనే బెర్ముడా స్త్రీ, తర్వాత లండన్ చేరి చెప్పిన జీవితకథ 1831లో అచ్చయింది. బ్రిటన్‌లో ఒక నల్లజాతి స్త్రీ జీవితకథగా అచ్చయిన మొదటిది అదే. తెల్లవారుజామున నాలుగింటికి మడిలోకి దిగాలి, తొమ్మిదింటికి మొక్కజొన్న గంజి, మళ్లీ మడిలోకే. మోకాళ్ల దాకా ఉప్పునీళ్లలో నిలబడి కాళ్లనిండా పుండ్లు పడి, అవి ఎముక దాకా తినేసేవని ఆమె చెప్పింది. పని నెమ్మదించినా, జబ్బు చేసినా కొరడా దెబ్బలు. మరక్కాణంలో రబ్బరు బూట్లు లేకుండా దిగే కూలీల కాళ్లు చూసినవాళ్లకు ఆ వర్ణన అర్థమవుతుంది, కానీ ఇక్కడి మనిషి సాయంత్రం ఇంటికెళ్తాడు, కూలి తీసుకుంటాడు. ఆ తేడా చిన్నది కాదు.

అంత ఉప్పు ఎవరు తిన్నారు అన్నది ఇంకో ముడి. ఎవరూ నేరుగా తినలేదు, చేపలు తిన్నాయి. ఫ్రిజ్ లేని కాలంలో చేపనూ మాంసాన్నీ నిలవ చేయాలంటే ఉప్పే. న్యూఫౌండ్‌లాండ్, న్యూ ఇంగ్లండ్ తీరాల్లో పట్టిన కాడ్ చేపను ఈ ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టేవాళ్లు. మంచి రకం యూరప్‌కు పోయేది. విరిగిపోయిన నాసిరకం చేపను మళ్లీ కరీబియన్‌కే తెచ్చి చెరకు తోటల్లో బానిసలకు తిండిగా పెట్టేవాళ్లు. బానిసలు తీసిన ఉప్పు, బానిసలు తినే చేపలోకి చేరింది. చెరకు పంచదారై ఇంగ్లండులో టీ కప్పుల్లోకి వెళ్లింది. ఈ సైకిల్‌లో సాల్ట్ కే ఒక చిన్న పళ్లచక్రం మాత్రమే, కానీ అది ఆగితే పైవాళ్లకు ఇబ్బంది. 1775లో అమెరికా తిరుగుబాటుదారులు బ్రిటిష్ కాలనీలతో వ్యాపారం ఆపేస్తే, బెర్ముడావాళ్లు తమ ఊళ్లోని బ్రిటిష్ మందుగుండు గోదాంనే రాత్రికి రాత్రి ఖాళీ చేసి అమెరికన్లకు అప్పగించారు, బదులుగా తిండిగింజల వ్యాపారం తెరిపించుకున్నారు. యుద్ధం జరుగుతున్నంతకాలం శత్రుపక్షానికి ఉప్పు అందుతూనే ఉంది. వ్యాపారం ముందు దేశభక్తి ఏపాటిదో ఆ దీవులవాళ్లు దాచుకోలేదు.

ఇక పన్ను గొడవ. మనకు ఉప్పు పన్ను అంటే 1930, దండి, ఇక్కడ వేదారణ్యంలో రాజాజీ, ఒంగోలు పక్కన దేవరంపాడులో ప్రకాశం పంతులు. మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ 1805లో ఉప్పును గుత్తాధిపత్యం చేసుకుంది, అప్పట్నుంచి పన్ను భారం తినేవాడి మీద పడింది. టర్క్స్ దీవుల్లో పన్ను పడింది అమ్మేవాడి మీద, ఓడెక్కే ఉప్పు మీద. బెర్ముడావాళ్లు ఇది మా సొత్తంటే, దగ్గరున్న బహామాస్ ప్రభుత్వం కాదు మాదంది, చివరికి 1799లో ఆ దీవులను నసావ్‌లోని బహామాస్ అసెంబ్లీకి కలిపారు. కాదనలేక కలిశారే గానీ, మా ఉప్పు పన్నుతో మీ రోడ్లు వేసుకుంటారా అన్న కోపం చల్లారలేదు. 1848లో విడిపోయి సొంత కౌన్సిల్ పెట్టుకున్నారు. అది కూడా ఎంతోకాలం సాగలేదు, ఆదాయం పడిపోయి 1870ల్లో జమైకా కిందికి వెళ్లారు. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వీళ్లు బ్రిటన్‌తోనే ఉండిపోయారు. ఒకే సరుకు మీద బతికే చోటు ఇలాగే చేతులు మారుతూ ఉంటుంది.

ఈ పాలకులకు ఆ ఊరి గురించి ఎంత తెలుసో చెప్పడానికి ఒక జెండా చాలు. పాత జెండా బొమ్మలో ఒడ్డున రెండు తెల్లటి ఉప్పు కుప్పలు ఉండేవి. లండన్‌లో బొమ్మ గీసినవాళ్లు ఒక కుప్పకు నల్లటి గుమ్మం పెట్టారు. వాళ్లు వాటిని మంచు ఇళ్లనుకున్నారని, ఇగ్లూకు తలుపుండాలి కదా అని గీసేశారని చెప్పుకుంటారు. ఆ తలుపుతోనే ఆ జెండా 1960ల దాకా ఎగిరింది.

1834లో బానిసత్వం రద్దయింది. అంతటితో ఉప్పు ఆగిపోయిందని కొందరు రాస్తారు, అది సరికాదు. ఇంకో వందేళ్లకు పైగా సాగింది. అవే మడులు, అవే యజమాని కుటుంబాలు, మడుల్లో దిగింది ఆ బానిసల పిల్లలూ మనవలూ. ఆ యజమానుల్లో ఒకరైన హ్యారియట్ కుటుంబం కట్టుకున్న వైట్ హౌస్ అనే రాతి ఇల్లు ఇప్పటికీ ఒడ్డున ఉంది. పైన కాపురం, కింద ఉప్పు నిలవ. ఉప్పు తీసుకెళ్లే ఓడలు బరువు కోసం తెచ్చిన బెర్ముడా రాయితో కట్టారని చెబుతారు. దొరవారి పడకగది కిందే సరుకు ఉండేదన్నమాట.

మరి ఎందుకు పోయింది? నాలుగైదు కారణాలు చెబుతారు, నాకు వాటిలో ఒకటే అసలుదనిపిస్తుంది, అది ఓడరేవు. దీవి చుట్టూ నీళ్లు లోతు లేవు, పగడపు దిబ్బలు. పెద్ద ఓడ దూరంగా ఆగాలి. ఉప్పును సంచుల్లోకి ఎత్తి, గాడిద బండి మీద ఒడ్డుకు తోలి, పడవల్లోకి మోసి, ఆ పడవల్లోంచి మళ్లీ ఓడలోకి ఎత్తాలి. చిన్న తెరచాప ఓడల కాలంలో అది భారం కాలేదు. వేల టన్నులు ఒకేసారి నింపుకునే ఓడలొచ్చాక, ఒక్క బస్తా మీద పడే కూలే ధరను మింగేసింది. దీనికి తోడు ఆ ముచ్చటైన చిన్న చిన్న రాతి మడులు! మనుషులు చేత్తో లాగడానికి కట్టినవి, వాటిలోకి యంత్రం దిగదు. సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, బహామాస్‌కు చెందిన గ్రేట్ ఇనాగువా దీవిలో 1930ల నుంచి పెద్ద పెద్ద మడులు, యంత్రాలు, ఓడ నేరుగా నింపే ఏర్పాటు పెట్టారు. ఇవాళ అక్కడ మోర్టన్ కంపెనీ ఏడాదికి లక్షల టన్నులు తీస్తోంది. అదే సముద్రం, అదే ఎండ, అదే గాలి. ఫ్రిజ్‌లొచ్చి ఉప్పుచేపల గిరాకీ తగ్గడం నిజమే, కానీ పక్క దీవిలో ఉప్పు బతికి ఇక్కడ చచ్చిందంటే గిరాకీ ఒక్కటే కారణం కాలేదు కదా. 1960ల్లో సాల్ట్ కే మడులు ఆగిపోయాయి. పనిచేసే వయసున్నవాళ్లు బహామాస్‌కూ అమెరికాకూ వెళ్లిపోయారు. బండ్లు లాగిన గాడిదల్ని వదిలేశారు, దారికి అడ్డం నిలబడేవి వాటి సంతానమే.

మన దేశంలోనూ ఇదే జరుగుతోంది, కాకపోతే నెమ్మదిగా. మూడొంతులకు పైగా ఉప్పు గుజరాత్‌లోని పెద్ద మడుల నుంచే వస్తుంది, మరక్కాణం లాంటి చేతిపని మడులు దాని పక్కన ఎంత. అయితే చెన్నైలో ఉప్పు పోయిన చోట ఖాళీ మిగల్లేదు. నెల్లూరు వైపు నుంచి బకింగ్‌హాం కాలువలో ఉప్పూ కట్టెలూ వేసుకుని పడవలొచ్చేవి, ఆ కాలువ మీద ఇప్పుడు ఎంఆర్‌టీఎస్ అనే సిటీ రైలు వంతెన స్తంభాలున్నాయి, కింద మురుగు. సెంట్రల్ దగ్గర సాల్ట్ కొటార్స్ అనే పేరు గూడ్స్ యార్డుకు మిగిలింది. కేళంబాక్కం మళ్ల చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. ఇక్కడ ఊరికి వేరే పని ఉంది కాబట్టి ఉప్పుమళ్ల స్థలాన్ని ఊరే మింగేసింది. సాల్ట్ కేకి వేరే పని లేదు. చెట్లు కొట్టేశారు, మట్టిలో ఉప్పు దిగింది, మంచినీటి వాగు లేదు, ఊరి మధ్యభాగమంతా మడులే. ఇంకో వ్యాపారం పెట్టుకోవాలంటే ఏం మిగిలిందని?

టూరిజం మాటేంటి, అంటారు. అక్కడే ఉంది తమాషా. ఉప్పు రోజుల్లో ఈ గుంపులో డబ్బున్న దీవులంటే గ్రాండ్ టర్క్, సాల్ట్ కే. ప్రావిడెన్షియల్స్ అనే దీవిని ఎవరూ పట్టించుకోలేదు. 1984లో అక్కడ క్లబ్ మెడ్ రిసార్టు తెరిచారు, జెట్ విమానాలు దిగే రన్‌వే వచ్చింది, ఆ తర్వాత గ్రేస్ బే ఒడ్డంతా హోటళ్లే. ఇవాళ ఆ దీవుల గుంపులో ఎక్కువమంది ఉండేది అక్కడే. గ్రాండ్ టర్క్‌కు 2006లో క్రూజ్ టెర్మినల్ వచ్చింది. పదిహేను కిలోమీటర్లలోపు దూరంలో ఉన్న సాల్ట్ కేకి రెండూ రాలేదు.

రాబోయి ఆగిపోయింది కూడా. 2000ల్లో పెద్ద రిసార్టు, గోల్ఫ్ కోర్సు కట్టే ప్లాన్ ఒకటి కదిలింది. అంతలో 2008 సెప్టెంబరులో ఐక్ తుపాను ఇళ్లను పీకేసింది. అదే సమయంలో ఆ దీవుల్లో ప్రభుత్వ భూముల అమ్మకాల మీద అవినీతి ఆరోపణలొచ్చి, బ్రిటన్ విచారణ కమిషన్ వేసింది. సాల్ట్ కే భూమి వ్యవహారం కూడా ఆ విచారణలోకి వచ్చింది. 2009 ఆగస్టులో బ్రిటన్ స్థానిక స్వపరిపాలననే సస్పెండ్ చేసి, 2012 దాకా గవర్నర్ చేతికిచ్చింది. రిసార్టు కాగితాల మీదే ఉండిపోయింది. 2017లో ఇర్మా తుపాను మళ్లీ వచ్చింది. కాబట్టి పిన్నీ, అందరికీ తెలుసు. కొనబోయినవాళ్లూ ఉన్నారు.

ఆ రిసార్టు రాకపోవడం మంచిదైందా అంటే నేను తేల్చి చెప్పను. అప్పుడప్పుడు వెళ్లే మనలాంటివాళ్లకు బాగానే ఉంటుంది. మంచి ఆస్పత్రికి పడవెక్కాల్సినవాళ్లను, చదువుకుని వెళ్లిపోయిన పిల్లలు తిరిగి రారని తెలిసినవాళ్లను అడిగితే జవాబు వేరేగా ఉంటుంది. "ప్రశాంతంగా ఉంది" అని మనం మెచ్చుకునే చోట్లన్నిటికీ ఇది వర్తిస్తుందేమో.

వెళ్లాలనుకునేవాళ్లకు. చెన్నై నుంచి దగ్గరి దారి లేదు, అమెరికాలో ఎలాగూ ఉన్నప్పుడు వెళ్లడమే తెలివైన పని. మయామీ లాంటి చోట్ల నుంచి ప్రావిడెన్షియల్స్‌కు విమానం, అక్కడినుంచి చిన్న విమానంలో గ్రాండ్ టర్క్, ఆపైన ఫెర్రీ. ఫెర్రీకి టైమ్ టేబుల్ ఉన్నా, సముద్రం ఒప్పుకుంటేనే కదులుతుంది, అందుకని తిరుగు ప్రయాణంలో ఇంటర్నేషనల్ ఫ్లయిట్‌కు ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, లేకపోతే టెన్షన్ తప్పదు. అమెరికా, బ్రిటన్, కెనడా వీసాల్లో ఏదైనా చెల్లుబాటులో ఉంటే మామూలుగా వేరే వీసా అడగరు, అయినా టికెట్ కొనేముందు ఒకసారి సరిచూసుకోండి. చెలామణి అయ్యేది అమెరికా డాలరే, క్యాష్ దగ్గర పెట్టుకోండి. దాదాపు అన్నీ బయటినుంచి ఓడలో రావాల్సిందే కాబట్టి ధరలు మండుతుంటాయి. శాకాహారులైతే అన్నం, బఠాణీల జాతి గింజలతో కాలక్షేపం చేయాలి, ఆవకాయ సీసా ఒకటి పెట్టెలో ఉంటే మీకే మంచిది. మా తమ్ముడు శంఖంలో ఉండే జీవి మాంసంతో చేసిన వడలు లాగించాడు, బాగున్నాయట.

జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం, వద్దు. జనవరి నుంచి మార్చి దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు ఆ పక్కనుంచే వెళ్తాయి. గ్రాండ్ టర్క్‌కు పడమర ఉన్న జలసంధి లోతు రెండు కిలోమీటర్లు దాటుతుంది, ఆ దారిలో అవి దక్షిణంగా పిల్లల్ని కనే చోట్లకు పోతుంటాయి. ఒకప్పుడు సాల్ట్ కేవాళ్లు వాటిని వేటాడేవాళ్లు, ఇప్పుడు వాటిని చూపించి డబ్బు తీసుకుంటున్నారు. డైవింగ్ వచ్చినవాళ్లకు 1790లో మునిగిన హెచ్‌ఎంఎస్ ఎండిమియన్ అనే యుద్ధనౌక ఫిరంగులు దీవికి దక్షిణంగా ఉన్నాయి.

ఈత కొట్టడం తెలియనివాళ్లు, నాలాంటివాళ్లు, పొద్దున్నే ఎండెక్కక ముందు మడుల వెంట నడవండి. రాతి గోడల మీదికెక్కొద్దు, సున్నం వదిలేసి రాళ్లు కదులుతున్నాయి, వాటిని బాగుచేసే డబ్బు అక్కడ ఎవరి దగ్గరా లేదు. తూము ఎక్కడుందో ముందు కనుక్కుని, నీళ్లు ఏ మడిలోంచి ఏ మడిలోకి వెళ్లేవో లెక్క కట్టుకుంటూ వైట్ హౌస్ దాకా వెళ్తే, సరుకు నడిచిన దారి మొత్తం మీరూ నడిచినట్టే. ఎవరింటి గేటు తీసినా మళ్లీ గడియ పెట్టడం మర్చిపోకండి, గాడిదలు లోపలికొచ్చి ఉన్న నాలుగు మొక్కలూ తినేస్తాయి.